సిమెంటు కాలు రాసిన బోర్డులు

తప్పంతా మూడు పెన్నుల ఇంజనీరుదే. ఈ మాట మేస్త్రీ చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. రానివాళ్లకు ఫోను చేసి చెప్పాడు. ఎవరూ దొరకని వేళ ఇంటి కప్పుకు చెప్పాడు.

ఆ ఇంజనీరు చొక్కా జేబులో ఎప్పుడూ మూడు పెన్నులుంటాయి: ఎరుపు, నీలం, ఆకుపచ్చ. పరంజా చెక్కకున్న రెండు కట్లు పొద్దున్నే విప్పించి అవతలి గోడకు పంపింది ఆయనే. "సాయంత్రం మళ్లీ కట్టిద్దాంలే" అన్నదీ ఆయనే. సాయంత్రం ఇంకా కాకముందే మేస్త్రీ ఆ చెక్క మీద కాలు పెట్టాడు. చెక్క తిరగబడింది. మొదటి అంతస్తు ఎత్తు నుంచి మనిషి ఇసుక కుప్ప మీద వచ్చి పడ్డాడు. కింద ఇసుక ఉంది కాబట్టి కాలితో పోయింది. ఇంజనీరు పరుగెత్తుకొచ్చి, ఊపిరి ఆడుతోందని చూసుకుని, షెడ్డులోకి వెళ్లి సైటు రిజిస్టరులో ఎర్ర పెన్నుతో ఒకే ఒక్క వాక్యం రాశాడు: 'మేస్త్రీ తన అజాగ్రత్త వల్ల జారిపడ్డాడు.'

కాలు విరిగినందుకు మేస్త్రీకి అంత బాధ లేదు. ఎముక అతుక్కుంటుంది. ఆ వాక్యం అతుక్కుంటే మాత్రం ఊడదు. రేపు ఏ కొత్త సైటుకు పోయినా పాత సైటు రిజిస్టరు చూపించమంటారు. అజాగ్రత్త మనిషిని పరంజా ఎక్కనిచ్చే పిచ్చివాడు ఎవడూ ఉండడు. ఐదో తరగతిలో బడి మానేసి ఇటుకలు మోసినవాడు, ముప్పై ఏళ్లు తాపీ పట్టినవాడు, నూటపది ఇళ్లు లేపి ఇప్పటికీ అద్దె ఇంట్లో ఉంటున్నవాడు, ఆ ఒక్క ఎర్ర వాక్యం మూలంగా ఇక కింద కూర్చుని సిమెంటు కలుపుకోవాలి.

"జన్మంతా సిమెంటు మీరు పూశారు, ఇప్పుడు సిమెంటు మీకు పూశారు. చెల్లుకు చెల్లు" అని భార్య అతని కాలి కట్టు కింద దిండు సర్ది, సోమవారం ఉదయం ఎనిమిదింటికి బట్టలు కుట్టే కంపెనీకి వెళ్లిపోయింది. పన్నెండేళ్ల కూతురు బడికి వెళ్లింది. ఇంట్లో మిగిలింది అతను, అతని అత్తగారు.

అత్తగారు ముప్పై ఏళ్లు ఆస్పత్రి వార్డులో ఆయాగా చేసి దిగిన మనిషి. ఆమె దృష్టిలో లోకంలో రెండే జాతులు: మంచం మీద ఉన్నవాళ్లు, మంచం పక్కన ఉన్నవాళ్లు. మంచం మీదికి వచ్చాక అల్లుడైనా ఒకటే, అంగరక్షకుడైనా ఒకటే. పొద్దున్నే అతని కాలి వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి, రంగు చూసి, "కదపండి బాబూ" అని కదిపించి, ఆ తర్వాత కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మనవరాలి టాబ్ ఒళ్లో పెట్టుకుంది. మూల పగిలిన పాత టాబ్ అది. వంటల వీడియోలు చూస్తోందేమో అనుకున్నాడు మేస్త్రీ.

టాబ్ లోంచి గొర్రె అరిచింది.

"అత్తయ్యా, గొర్రె అరుస్తోంది."

"అరవదా మరి. దాని మేత వేళయింది."

అప్పుడు తెలిసింది సంగతి. కూతురూ, ఆమె క్లాసులో ఇంకో ఆరుగురు ఆడపిల్లలూ కలిసి ఒక ఆటలో ఊరు కట్టుకున్నారట. ఆ లోకంలో అన్నీ దిమ్మలే. నేల దిమ్మలు, చెట్లు దిమ్మలు, సూర్యుడు కూడా నలుపలకల దిమ్మే. దిమ్మ తవ్వుకోవాలి, దిమ్మ పేర్చుకోవాలి, ఆకలేస్తే తినాలి, చీకటి పడితే దాక్కోవాలి. పిల్లలు బడికి పోతే గొర్రెలకు గోధుమ వేసేవాళ్లు లేక అమ్మమ్మకు నేర్పారు. ఎనిమిది నెలలుగా ఆమె ఆ ఊరికి పగటి కాపరి.

మేస్త్రీ మెడ సాచి చూశాడు. గొర్రెల దొడ్డి చుట్టూ రాతి గోడ ఒకటి కనబడింది. చూడగానే అతని ఒళ్లు జలదరించింది.

"ఆ గోడ ఎవరు కట్టారు?"

"నేనే."

"అతుకు మీద అతుకు వచ్చింది. కింది వరసలో ఎక్కడ అతుకుందో పై వరసలోనూ అక్కడే. అది నిలబడదు అత్తయ్యా."

"ఎనిమిది నెలలైంది బాబూ నిలబడి. మధ్యలో ఒకసారి దాని అడుగు దిమ్మలన్నీ నేనే పీకాను. పైన ఉన్నది పైనే ఉండిపోయింది, మీ మామగారి పంతంలాగా."

"గాల్లోనా?"

ఆమె నమ్మించడానికి ఒక చెట్టు మొదలు నరికి చూపించింది. మొదలు పోయింది, కొమ్మలు ఆకాశంలో నిలబడ్డాయి. మేస్త్రీకి కోపం వచ్చింది. ముప్పై ఏళ్లుగా దారానికి గుండు కట్టి చూసినవాడికి అది చూపించవలసిన దృశ్యం కాదు. తర్వాత ఆమె ఇసుక దిమ్మ కింద తవ్వింది. ఇసుక దబ్బున పడింది.

"ఇసుక పడుతుంది" అన్నాడు మేస్త్రీ, కొంచెం ఊరట పడి.

"ఇసుకా, కంకరా. ఇంకేవీ పడవు."

"అయితే ఈ లోకంలో బుద్ధున్నవి ఆ రెండే. ఇలా ఇవ్వండి అది."

సాయంత్రం కూతురు అతనికి ఆటలో ఒక పేరు పెట్టింది: సిమెంటు కాలు. ఊరి చివర లోయ అంచున ఒక స్థలం కొలిచి ఇచ్చింది. దిమ్మకో గడి చొప్పున పొడవు పద్దెనిమిది గడులు, వెడల్పు పన్నెండు. ఒక మూల నేల చదునుగా ఉంది, అక్కడో చిన్న నీటి బుగ్గ ఉంది. మిగతాదంతా రాళ్లు. లోయ అడుగున ఎర్రగా నిప్పు పారుతోంది.

"ఇది నాదేనా?" అని అడిగాడు మేస్త్రీ.

"నీదే నాన్నా. కాకపోతే ఊళ్లో ఒక రూలుంది. నీ వల్ల ఎవరైనా చస్తే నీ స్థలంలో నాలుగో వంతు వాళ్లకి రాసివ్వాలి. అమ్మమ్మ ముల్లంగి మడి అలా వచ్చిందే. ఒకమ్మాయి గొయ్యి తవ్వి మూత పెట్టలేదు."

"అందులో నేను కావాలని పడలేదు" అంది అత్తగారు, ఎవరూ అడగకుండానే.

మేస్త్రీ ఆ రెండు వందల పదహారు గడులనూ ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు నాలుగుసార్లు నడిచాడు. తన పేరున స్థలం అనేది అతని జీవితంలో అదే మొదలు.

మంగళవారం పొద్దున పని మొదలుపెట్టాడు. చెట్టును వట్టి చేత్తో గుద్దితే కర్ర వస్తుందని అత్తగారు చెప్పింది. ఆ కర్రతో పనిబల్ల, బల్ల మీద గునపం, గునపంతో రాయి. అంతవరకు బాగానే ఉంది. రాయి చేతికి రాగానే మేస్త్రీ మూడు గడుల లోతున పునాది తవ్వడం మొదలెట్టాడు.

"పొద్దు గూకుతోంది బాబూ. ముందు నాలుగు గోడలూ ఓ తలుపూ చూసుకోండి."

"పునాది లేకుండా గోడేమిటి అత్తయ్యా. నలుగురూ నవ్విపోరూ."

దిమ్మ సూర్యుడు దిగిపోయాడు. ఆ లోకపు పగలు మన లెక్కలో పది నిమిషాలు. చీకటి పడ్డచోటల్లా ఏవో పుడతాయి, వాటికి అత్తగారు పెట్టుకున్న పేర్లు వేరు. మూలుగుతూ వచ్చేవాడు మూలుగుడుగాడు. చప్పుడు లేకుండా వచ్చి, పక్కన నిలబడి బుస్సుమని పేలిపోయే పచ్చటివాడు బుస్సుగాడు. పునాది గోతిలో ఉన్న మేస్త్రీ నెత్తిన ముందు ఒక మూలుగుడుగాడు పడ్డాడు, వాడి మీద ఇంకొకడు పడ్డాడు.

"ఎక్కండి బాబూ, ఎక్కండి. పరిగెత్తండి."

"ఎటు ఎక్కను? నాలుగు పక్కలా నేనే తవ్వాను."

తెర మీద ప్రాణానికి గుర్తుగా ఉన్న పది గుండెలూ అయిపోయాయి, సిమెంటు కాలు చచ్చాడు. అత్తగారు టాబ్ అందుకుని, కళ్లజోడు తుడుచుకుని అంది: "పునాది కాదు బాబూ, గొయ్యి తవ్వుకున్నారు. పాపం నీట్ గా తవ్వుకున్నారు."

మధ్యాహ్నానికి ఇల్లు లేచింది. మూలమట్టం సరిపోయింది, కిటికీ సరిగ్గా నడిమధ్యన వచ్చింది, లోపల నాలుగు కాగడాలు వెలిగాయి. అత్తగారు నోరు తెరిచి మెచ్చుకుని, మందుబిళ్ల వేసుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది. ఆమె వచ్చేలోపల మేస్త్రీ చేయవలసిన పని చేశాడు. కొత్త గోడ కట్టాక ఏ మేస్త్రీ అయినా చేసే పనే అది. బుగ్గలోంచి బకెట్టు ముంచుకొచ్చి గోడకు పైనుంచి నీళ్లు కొట్టాడు.

ఆ లోకంలో నీళ్లు ఇంకవు, పారుతూనే ఉంటాయి. గోడ మీంచి లోపలికి దిగి, నేలంతా పరుచుకుని, నాలుగు కాగడాలనూ ఊడబెరుక్కుని గుమ్మంలోంచి బయటికి తోశాయి. ఇంట్లో చీకటి పడింది. చీకట్లో బుస్సుమంది.

అత్తగారు వచ్చేసరికి తూర్పు గోడ లేదు.

"ఏం చేశారు బాబూ?"

"తడిపాను."

"దేన్ని?"

"గోడని. తడపకపోతే బీటలిస్తుంది కదా." గోడ ఉండిన చోటు చూస్తూ అన్నాడు: "ముప్పై ఏళ్లలో తడిపినందుకు గోడ పేలడం ఇదే చూడ్డం."

అత్తగారు కుర్చీలో కూలబడి నవ్వింది. వార్డులో నవ్వకూడని ముప్పై ఏళ్ల నవ్వంతా నవ్వింది. మేస్త్రీ ముందు ముఖం గంటు పెట్టుకున్నాడు, తర్వాత అతనికీ నవ్వొచ్చింది, నవ్వితే కాలు కదిలి నొప్పెట్టింది, నొప్పెట్టినకొద్దీ ఇంకా నవ్వొచ్చింది. మేస్త్రీకి పెళ్లయిన పదిహేనేళ్లలో అత్తా అల్లుడూ ఒకేసారి ఒకే విషయానికి నవ్వడం అదే ప్రథమం.

మర్చిపోకుండా ఉండటానికి ఆ రోజే అతను మొదటి బోర్డు రాశాడు. ఆటలో చెక్క బోర్డులు పాతుకోవచ్చు, ఒక్కోదానికి నాలుగు వరసలు. వరసలు లెక్క చూసుకుని పేర్చడం మేస్త్రీకి కొత్త కాదు. బొటనవేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుని రాశాడు: 'గోడకు నీళ్లు కొట్టకు. ఎండిపోయిన ఇటుకే ఇక్కడ మంచి ఇటుక.'

బుధవారం ఇంటి బయటి ముఖం పని పెట్టుకున్నాడు. అటు లోయ. ఆ లోకంలో పరంజా అక్కర్లేదు, గాల్లోనే దిమ్మ పెట్టుకుంటూ పోవచ్చని అత్తగారు చెప్పింది. మేస్త్రీకి మనసొప్పలేదు. గోడ వెంట లోయ మీదుగా అవతలి గట్టు దాకా చెక్కలతో పరంజా వేశాడు. వేస్తూ వేస్తూ వెనక్కి ఓ అడుగు వేసి, లోయలో పడ్డాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి: 'సిమెంటు కాలు ఎత్తు నుంచి పడ్డాడు.'

మేస్త్రీ ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాడు.

"ఇంతేనా అత్తయ్యా?"

"ఇంకేం కావాలి?"

"ఎవరి అజాగ్రత్తో రాయలేదే."

"అది యంత్రం బాబూ. దాని ఉద్యోగం పోతుందన్న భయం దానికి లేదు."

అతను మళ్లీ పుట్టి, మళ్లీ నడిచి వచ్చి, పరంజా పూర్తి చేశాడు.

ఆ మధ్యాహ్నం పన్నెండున్నరకు ఊళ్లోకి ఒక కొత్త మనిషి వచ్చాడు. తల మీద పేరు 'సున్నా' అని ఉంది. గొర్రెల దొడ్డి ముందు నిలబడి గిరగిరా తనలో తనే తిరుగుతున్నాడు. కాసేపు ఆకాశం చూశాడు, కాసేపు కాళ్లు చూసుకున్నాడు. పిల్లల్లో ఎవరి తమ్ముడో బడి ఎగ్గొట్టి వచ్చాడనుకున్నాడు మేస్త్రీ. కింద అక్షరాలు కనబడ్డాయి: 'ఇక్కడ ఏం చేయాలి?'

మేస్త్రీ వేలు పెట్టి వెతుక్కుని వెతుక్కుని రాశాడు: 'ఒరేయ్ నాయనా, ముందు చెట్టు కొట్టు.'

'దేనితో?'

'చేత్తో.'

'నొప్పి పుట్టదా?'

'పుట్టదు. అందుకే దీన్ని ఆట అన్నారు.'

సున్నా చెట్టు కొట్టాడు. పనిబల్ల చేసుకున్నాడు. ఆ తర్వాత కాళ్ల కింద సూటిగా తవ్వుకుంటూ పోయి నల్లటి గుహలో పడబోతుంటే మేస్త్రీ ఆపాడు. ఆ మాట కూడా బోర్డుకెక్కింది: 'నిలబడ్డచోటు తవ్వకు. నీ కింద ఏముందో నీకు తెలియదు.' పొద్దు దిగేవేళకు సున్నా చేతిలో తొమ్మిది మట్టి దిమ్మలు మాత్రమే ఉన్నాయి. మేస్త్రీ అతణ్ణి తన ఇంట్లోకి రానిచ్చి తలుపు వేశాడు. బయట మూలుగులు వినిపిస్తుంటే ఇద్దరూ కాగడా కింద నిలబడ్డారు.

'చాలా థాంక్స్ గురువుగారూ' అని రాశాడు సున్నా.

గురువుగారూ అన్న మాటను మేస్త్రీ అత్తగారికి చూపించాడు. భార్య వచ్చాక ఆమెకూ చూపిద్దామనుకున్నాడు గాని ఆ అక్షరాలు పైకి జరిగి పోయాయి.

గురువారం కూడా సున్నా సరిగ్గా పన్నెండున్నరకే వచ్చాడు. మందమతి కాడు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. కాకపోతే ప్రతిదానికీ కారణం అడుగుతాడు. 'గురువుగారూ, ఇక్కడ లెవెల్ ఎలా చూడాలి?' అని అడిగాడు ఒకసారి.

'లెవెల్ వాళ్లే ఇచ్చారు. మూలమట్టం వాళ్లే ఇచ్చారు. మనం తెచ్చుకోవలసింది బుర్ర ఒక్కటే.'

సున్నా లోయ అవతలి గట్టున గుడిసె వేసుకున్నాడు. ఇటూ అటూ రావడానికి మేస్త్రీ వేసిన పరంజాయే దారయింది. నాలుగు కాగడాలు, ఒక మంచం, కొలిమి చేసుకున్నాడు. అతను వెళ్లాక మేస్త్రీ తన వెనక గుమ్మానికి తలుపు చేద్దామని చూస్తే ఒక్క చెక్క తక్కువైంది. చెట్లు దూరం. పరంజా దగ్గర. నడిమధ్య నుంచి ఒక చెక్క పీకి తలుపు చేసుకున్నాడు. రేపు పెట్టొచ్చు. మనుషులు పడేంత ఖాళీ కాదు అది, ఒక్క గడి అనుకున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర కూతురు అంది: "నాన్నా, సున్నా నిన్ను తెగ మెచ్చుకుంటున్నాడట. వాళ్లమ్మాయి చెప్పింది."

"వాళ్లమ్మాయా? వాడు పిల్లాడు కాదూ?"

"మా క్లాసమ్మాయి నాన్న. ఏడు రాత్రులు బతకలేవని పందెం కట్టిందట కూతురు, అందుకని నేర్చుకుంటున్నాడు. భోజనం టైంలో సైటు షెడ్డులో కూర్చుని ఆడతాడట. బిల్డింగులు కట్టించే ఆయనే నాన్నా. జేబులో మూడు పెన్నులు పెట్టుకుంటాడు చూడు."

ముద్ద మేస్త్రీ నోటికీ కంచానికీ మధ్య ఆగిపోయింది.

భార్య ముందు అర్థం చేసుకుంది. "అంటే రెండు రోజుల్నుంచి మీరు ఇంజనీరుగారిని ఒరేయ్ అంటున్నారా?"

"నాయనా అని కూడా అన్నారు" అంది అత్తగారు. "ఒకసారి తెలివితక్కువ సన్నాసీ అన్నారు, గొర్రెను గునపంతో పొడిచినప్పుడు."

ముగ్గురు ఆడవాళ్లూ కంచాలు పక్కకు పెట్టి నవ్వారు. మేస్త్రీకి మాత్రం ఆ మనిషికి తలుపు తెరిచి ఇంట్లో చోటిచ్చింది గుర్తొచ్చింది. గురువుగారూ అన్న మాటను అందరికీ చూపించుకుందామనుకున్నది గుర్తొచ్చింది. ఆ వెనకే పరంజా మధ్యన పీకిన చెక్క గుర్తొచ్చింది.

టాబ్ అల్మారా మీద చార్జింగులో ఉంది. "అది కాస్త ఇలా ఇవ్వవే" అంటే కూతురు ఇచ్చేదే, ఒక్క నిమిషం పని. మేస్త్రీ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. చార్జింగు ఎక్కేటప్పుడు తీయకూడదు అనుకున్నాడు. అలా అనుకుని మజ్జిగ అడిగాడు.

శుక్రవారం పన్నెండున్నరయింది. మేస్త్రీ పొద్దుటి నుంచి టాబ్ పట్టుకునే ఉన్నాడు. ఇంటి కప్పుకు అంచు కట్టాడు, బుగ్గ చుట్టూ రాళ్లు పేర్చాడు, అన్ని పనులూ చేశాడు, పరంజా వైపు మాత్రం వెళ్లలేదు. అత్తగారు అతని కాలి వేళ్లు చూస్తూ, తెర కూడా చూస్తోంది.

సున్నా అవతలి గట్టున కనబడ్డాడు. కిందటి రోజు కంటే హుషారుగా ఉన్నాడు. 'గురువుగారూ, నీలిరాయి దొరికింది. మా అమ్మాయికి ఇన్నాళ్లలో ఒక్కటీ దొరకలేదట. పన్నెండు ఇనప కడ్డీలు కూడా ఉన్నాయి. చూపిస్తాను ఉండండి' అని రాసి పరంజా మీదికి ఎక్కాడు.

మేస్త్రీ బొటనవేలు అక్షరాల మీదికి వెళ్లింది. 'ఆ' అనే అక్షరం దొరికింది. 'గు' వెతుకుతున్నాడు.

తెర మీద వాక్యం వచ్చింది: 'సున్నా ఎత్తు నుంచి పడ్డాడు.'

లోయ అడుగున నిప్పు ఒకసారి బుడబుడలాడింది. నీలిరాయి, కడ్డీలు, చేతిలో ఉన్నవన్నీ అందులోకే పోయాయి. సున్నా ఊరి మొదట్లో ఉత్త చేతులతో పుట్టి, నడుచుకుంటూ తిరిగొచ్చి, మేస్త్రీ ఇంటి ముందు నిలబడ్డాడు.

తర్వాత రాశాడు: 'నాదే అజాగ్రత్త గురువుగారూ. చూసుకోకుండా నడిచాను.'

ఆ మాట చూడగానే మేస్త్రీకి సంతోషం కలగాలి. కలగలేదు. ఎర్ర పెన్నుతో తన మీద రాసిన మాటను రాసినవాడే తెచ్చి తన నెత్తినే వేసుకున్నాడు. ఇక ఎవరూ ఏమీ అడగరు. చెక్క సంగతి ఎవరికీ తెలియదు. స్థలం ఎక్కడికీ పోదు.

అత్తగారికి తెలుసు. ఆమె అతని కాలి చిటికెన వేలు పట్టుకుని, అతని వైపు కాకుండా ఆ వేలి వైపే చూస్తూ అంది: "వార్డులో మంచానికి పక్క కడ్డీ ఉంటుంది బాబూ. దుప్పటి మార్చేటప్పుడు దించుతాం. మళ్లీ ఎత్తాలి. ఒక్కోసారి ఎత్తం. రోగి పడతాడు. ఎలా పడ్డాడని డాక్టరమ్మ అడిగితే, నిద్రలో దొర్లాడమ్మా అనేవాళ్లం. రోగులు కూడా అవునమ్మా దొర్లానేమో అనేవాళ్లు." వేలు వదిలి రెండో వేలు పట్టుకుంది. "కదపండి."

మేస్త్రీ వేలు కదిపాడు. ఆ తర్వాత బోర్డు ఒకటి తీసుకుని సున్నా కళ్ల ముందే ఇంటి గుమ్మంలో పాతాడు. నాలుగు వరసలు రాయడానికి పావుగంట పట్టింది. సున్నా అంతసేపూ కదలకుండా నిలబడ్డాడు.

'చెక్క తీసింది నేను.
మర్చిపోయానని చెప్పను.
రాత్రే గుర్తొచ్చింది.
గుర్తొచ్చీ పెట్టలేదు.'

దాని పక్కన ఇంకో బోర్డు: 'ఊరి రూలు ప్రకారం నా స్థలంలో నాలుగో వంతు మీది. ఇట్లు, మీ సైటు మేస్త్రీ.' మొదటి బోర్డు రాసేటప్పుడు నువ్వు అనాలా మీరు అనాలా అన్న చిక్కు రాలేదు. రెండోదానికి వచ్చింది. ఆలోచించి 'మీది' అనే ఉంచాడు. స్థలం పోతున్నప్పుడు మర్యాద కూడా పోగొట్టుకోవడం ఎందుకు.

సున్నా ఆ బోర్డుల ముందు గోడకు కొట్టిన మేకులా నిలబడ్డాడు. అతని భోజనం వేళ అయిపోయింది. తెర మీద వచ్చింది: 'సున్నా వెళ్లిపోయాడు.'

"పోయింది అత్తయ్యా" అన్నాడు మేస్త్రీ. "ఉన్న పనీ పోయింది, ఉన్న స్థలమూ పోయింది."

"కాలుంది కదా" అంది అత్తగారు. "వేళ్లు ఎర్రగా ఉన్నాయి. శుభ్రంగా అతుక్కుంటోంది."

శనివారం సాయంత్రం తలుపు కొట్టిన చప్పుడైంది. భార్య తలుపు తీసి, పక్కకు తప్పుకుంది. ఇంజనీరు చంకలో సైటు రిజిస్టరు ఉంది. చెప్పులు విప్పాలా వద్దా అని గుమ్మంలో కాసేపు తడుముకుని, విప్పి లోపలికి వచ్చాడు. వెనకాలే ఆయన కూతురు వచ్చి, మేస్త్రీ కూతురి పక్కన చేరి గుసగుసలు మొదలెట్టింది. అత్తగారు కుర్చీ లాగి మంచం పక్కన వేసింది.

"కూర్చోండి సార్" అన్నాడు మేస్త్రీ.

ఇంజనీరు కూర్చున్నాడు. రిజిస్టరు పెట్టుకోవడానికి ఏమీ కనబడక అటూ ఇటూ చూసి, "ఇక్కడ పెట్టుకోవచ్చా?" అని అడిగి, మేస్త్రీ సిమెంటు కాలి మీదే తెరిచాడు. పేజీ అదే. ఎర్ర వాక్యం అలాగే ఉంది.

"రాసింది కొట్టేయకూడదు, రూలు. కింద రాయొచ్చు" అన్నాడు. జేబులోంచి నీలం పెన్ను తీసి గీశాడు. రాయలేదు. విదిల్చి గీశాడు. రాయలేదు. ఎర్రది తీశాడు. అదీ సగం అక్షరానికే ఆగిపోయింది.

"మూడు పెట్టుకుని తిరుగుతారు కదా సార్."

"రెండు ఊరికే మేస్త్రీ. చూడ్డానికి బాగుంటాయని." ఆకుపచ్చది తీశాడు. అది రాసింది. రాస్తూ ఆగాడు.

"కట్లు విప్పించిన సంగతి మర్చిపోయారా సార్?" అని అడిగాడు మేస్త్రీ. కోపంగా అడగలేదు. ఒక మేస్త్రీ ఇంకో మేస్త్రీని ఎన్ని వరసలు లేచాయి అని అడిగినట్టు అడిగాడు.

ఇంజనీరు కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "మధ్యాహ్నం గుర్తొచ్చింది. అవతలి గోడ ఆ రోజే అయిపోవాలని మా వాళ్ల ఒత్తిడి. కాసేపాగి కట్టిద్దాంలే అనుకున్నాను."

"రాయండి మరి."

రాశాడు. మేస్త్రీ భార్య వంగి, అందరికీ వినపడేలా చదివింది: "'పై వాక్యం తప్పు. పరంజా కట్లు విప్పించింది నేను. గుర్తొచ్చీ కట్టించలేదు. మేస్త్రీ అజాగ్రత్త ఏమీ లేదు.'" చివరి వాక్యం రెండుసార్లు చదివింది. ఆ తర్వాత "టీ పెడతాను" అని వెళ్లింది.

ఇంజనీరు సంతకం పెట్టి, తేదీ వేసి, రిజిస్టరు మూశాడు. "కట్టు విప్పాక వచ్చెయ్యి. రెండో అంతస్తు నువ్వు లేకుండా మొదలెట్టను. వచ్చాక నీ పరంజా నువ్వే కట్టించుకో. విప్పేది కూడా నువ్వు చెబితేనే." లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ముఖంలో ఇంజనీరు పోయి సున్నా వచ్చాడు. "అదీ... ఆ నాలుగో వంతు సంగతి నిజమేనా గురువుగారూ?"

లెక్కకు లెక్క చెల్లిపోయింది కదా, ఆ మాట ఎత్తడేమో అనుకున్నాడు మేస్త్రీ.

"రూలు రూలే" అంది మేస్త్రీ కూతురు.

"అయితే అవతలి రాళ్ల పక్క తీసుకోండి సార్" అన్నాడు మేస్త్రీ. "లోయ కనబడుతుంది. గాలి బాగా వస్తుంది."

పిల్లలిద్దరూ టాబ్ తెచ్చి మంచం మీద పెట్టారు. ఇంజనీరు స్థలం చుట్టూ ఒక్కసారి తిరిగాడు. చదువుకున్న కన్ను. ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది.

"ఈ మూల" అన్నాడు. "నేల చదునుగా ఉంది. నీళ్లున్నాయి."

"ఆ మూల పెరటికి అనుకున్నానండీ."

"గోడకు నీళ్లు కొట్టనులే" అన్నాడు ఇంజనీరు. "బోర్డు చదివాను."

అత్తగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పిల్లలు కొలిచి, హద్దుకు తెల్ల రాళ్లు పాతారు. మేస్త్రీ ఒక్కో రాయి పడ్డప్పుడల్లా ఒక్కో అంకె లెక్కపెట్టుకున్నాడు. పెన్ను లేకుండా, కాగితం లేకుండా, ముప్పై ఏళ్లుగా ఇటుకలు లెక్కపెట్టుకున్నట్టే. పోయింది పొడవున తొమ్మిది, వెడల్పున ఆరు. యాభై నాలుగు గడులు, నీటి బుగ్గతో సహా.